రెండక్షరాలు

అమ్మ పోయి నెల కాలేదు. నాకు ఏడుపే రాలేదు. నా భార్య, కూతురు బెంగాలీలోనే మాట్లాడతారు; ఇంట్లో తెలుగు అమ్మతోనే.

ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూమ్‌లో పక్కనున్న ఆవిడ హిందీలో ఏదో అడిగారు. పరధ్యానంగా “ఏటి?” అన్నాను.

“శ్రీకాకుళం వైపా?” అన్నారు తెలుగులో.

“మా తాతలదండీ. నేనైతే సూడనేదు.”

ఆవిడ బీట్‌రూట్ డీఎన్ఏ మీద పరిశోధన చేస్తారట. “అందులో కొన్ని ముక్కలు చోటు మార్చి గెంతుతుంటాయి. లేచిపోయినా, ఒక్కోసారి ఉన్నచోట రెండు మూడు డీఎన్ఏ అక్షరాలు వదిలేసిపోతాయి,” అన్నారు.

ఊరికే తలూపాను. రైలొస్తే ఆవిడ వెళ్ళిపోయారు.

కాసేపటికి కూతురు ఫోన్ చేసి, “బాబా” అంది.

“ఏటి?” అన్నాను, అచ్చం అమ్మలాగే. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఏడ్చేశాను.