మా అన్నయ్య తుపాకీకి కుదిరిన మందు

మా అన్నయ్య హాల్వర్‌కి కోపం వస్తే అరవడు. వంటింటి బల్ల ముందు కూర్చుని తూటాలు తయారుచేస్తాడు. ఆ వసంతమంతా మా వదిన థోరాకి రొట్టెపిండి పిసుక్కోవడానికి బల్ల మీద జానెడు చోటు దొరకలేదు. ఒక పక్క చిన్న త్రాసు, ఇంకో పక్క తుపాకీ మందు డబ్బాలు, మధ్యలో బారులు తీరిన ఇత్తడి డొప్పలు. నా ఇల్లు పక్కనే. రోజూ కాఫీకి వెళ్లి, కప్పు పెట్టుకునే చోటు లేక ఒళ్లో పెట్టుకుని తాగేదాన్ని.

ఆ తుపాకీ ఒంటి తూటా రకం. ఒకటి పెట్టాలి, పేల్చాలి, పిడి కిందికి లాగి ఖాళీ డొప్ప తీసెయ్యాలి, మళ్లీ ఇంకొకటి పెట్టాలి. గుండు కందిగింజ కంటే కాస్త పెద్దది, అంతే. తొందరపాటు మనుషులకి పనికొచ్చే వస్తువు కాదు కాబట్టి మా అన్నయ్యకి అతికినట్టు సరిపోయింది. పెళ్లయిన ఏడాదే కొన్నాడు. మంచిరోజుల్లో గురిపలక మీది కాగితంలో ఆయన వరసగా కొట్టిన చిల్లులన్నీ ఒక నాణెం కింద దాగిపోయేవి.

ఆయన వేటగాడేం కాదు. ఇంట్లో కోడిని కోసేది కూడా వదినే. ఆ తుపాకీ అంతా నేల ఉడుతల కోసం. మా మోంటానా మైదానంలో వాటి బొరియలు లేని పచ్చిక ఉండదు. ఫ్రేయా అనే ఆడగుర్రం ఒకసారి బొరియలో కాలు పెట్టి ఎముక విరగ్గొట్టుకుంది. దాన్ని ఆ బాధ నుంచి తప్పించాల్సిన పని అన్నయ్య చేతుల మీదే జరిగింది. అప్పటినుంచీ ఏటా మంచు కరగగానే పచ్చిక అంచున బల్ల వేసుకుని కూర్చుంటాడు. గురి తప్పి ఒక ఉడుత గాయపడి బొరియలోకి పోయిందంటే ఆ పూట భోజనం ముట్టడు. అందుకే తుపాకీ గురి తప్పకూడదు.

ఈసారి ఫ్రేయా కూతురు ట్విగ్ కొట్టంలో ఉంది. పచ్చిక బాగుపడేదాకా దాన్ని బయటికి వదిలేది లేదని అన్నయ్య పట్టు పట్టాడు. ఆ పిల్ల పొద్దస్తమానం చెక్కగోడల్ని తన్నుతూనే ఉంది.

పాత మందు డబ్బా కిందటి ఏడు అయిపోయింది. పేరు ఒకటే అయినా కొత్త డబ్బాలో మందు కాస్త తేడాగా ఉంటుంది, మోతాదు మళ్లీ మొదటినుంచీ వెతుక్కోవాలి. అది నిజమే గనుక మొదట్లో ఎవరం ఏమీ అనలేదు. చిటికెడు తగ్గించాడు, చిటికెడు పెంచాడు. గుండుని కాస్త లోపలికి దించాడు, కాస్త పైకి తీశాడు. తుపాకీ కర్రకున్న మర బిగించాడు, వదులు చేశాడు. ఏం చేసినా కాగితం మీద గుళ్లు కోడి కెలికినట్టే పడుతున్నాయి. ప్రతిసారీ తప్పు మందుదే.

నాకు అనుమానం ముందే వచ్చింది. రోడ్డు పక్కన మా ఉత్తరాల పెట్టెని చూసి నేననుకుని టోపీ ఊపిన మనిషి ఆయన. ఉండబట్టలేక అనేశాను.

"అన్నయ్యా, మందు సంగతి తర్వాత. ముందు కళ్లు చూపించుకో."

"నా కళ్లకేమయిందే సిగ్నే? నీ నోరు ఇంత దూరం నుంచి కూడా కనిపిస్తోంది."

నా కప్పు కడిగి పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆయన ఇంకో డబ్బా కోసం ఊళ్లోకి వెళ్లిన రోజున నేను గుడ్లు పట్టుకుని వెళ్లేసరికి పచ్చిక వైపు నుంచి తుపాకీ చప్పుడు వినిపించింది. బల్ల దగ్గర మా వదిన! చిన్నప్పుడు వాళ్ల నాన్న పొలంలో ఆవిడ ఉడుతల్ని కొట్టేదని నాకు తెలుసు. పెళ్లయ్యాక తుపాకీ ముట్టుకోగా చూడలేదు. అన్నయ్య పనికిరావని పక్కన పడేసిన తూటాలే పెట్టి కొడుతోంది. ఇద్దరం నడిచి వెళ్లి కాగితం చూశాం. చిల్లులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

థోరా గడ్డిలో కూలబడి ఏడ్చింది. "మందు ఎప్పుడో కుదిరింది సిగ్నే. చెడింది మందు కాదు."

అన్నయ్యకి చెప్పెయ్యమన్నాను.

"ఏమని చెప్పను? తుపాకీ దించెయ్, నీ పనయిపోయిందనా?"

కాగితం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. నాకు ఆవిడ మీద జాలి, ఆయన మీద కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు ఆకు కూడా కదలని ఉదయం. అన్నయ్య కొత్త తూటాలతో కూర్చున్నాడు. పేల్చిన ప్రతి గుండూ ఎటు పోయిందో చూడకుండానే పైకి చెప్పడం ఆయనకి అలవాటు. మీట నొక్కిన వేలికే తెలిసిపోతుందంటాడు. చివరిది పేల్చి పెదవి విరిచాడు. "ఇది చెయ్యి జారింది. కుడివైపుకి పోయింది."

ఆయనకి తుంటి నొప్పి, కాగితం తెచ్చేది ఎప్పుడూ వదినే. గురిపలక దగ్గర ఆవిడ చెయ్యి నిన్నటి కాగితం ఉన్న ఏప్రన్ జేబులోకి వెళ్లడం నేను చూశాను. తెచ్చి ఇచ్చిన కాగితాన్ని అన్నయ్య ముక్కుకి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత బొటనవేలితో తడిమాడు. మధ్యలో చిల్లుల గుంపు. వేలు కుడివైపుకి జరిగింది, ఆగింది, మళ్లీ వెనక్కి వచ్చి అక్కడే వెతికింది. అక్కడ చిల్లు లేదు, కాగితం నున్నగా ఉంది.

ఆయన థోరా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "కుదిరింది" అన్నాడు. కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ వదిన లోపలికి పరిగెత్తింది. పొయ్యి మీద ఏమీ లేదు.

"సిగ్నే, నన్ను హావర్ పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు" అన్నాడు, తలెత్తకుండా.

కుడికంటికి నడిమి చూపు పోయిందని, అద్దాలతో వచ్చేది కాదని, ఎడమది కూడా అదే దారిలో ఉందని డాక్టరు చెప్పాడు. తిరుగు దారిలో అన్నయ్య చొక్కా జేబులోంచి ఆ కాగితం తీసి మళ్లీ తడిమాడు.

"ఆవిడ ఇంత బాగా కొడుతుందని నాకెవరూ చెప్పలేదే."

"నువ్వు ఆ తుపాకీ ఎప్పుడైనా ఆవిడ చేతికిచ్చావా?" అన్నాను. అన్నాక కాస్త కటువుగా ఉందనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే పచ్చిక అంచున బల్ల ముందు రెండు కుర్చీలు వేశాడు. తుపాకీ థోరా వైపు పెట్టాడు. ఆవిడ ముఖం పాలిపోయింది. "హాల్వర్, నేను నిన్ను..."

"కూర్చో. త్రాసు నువ్వు చూడు, మిగతాదంతా నా వేళ్లకి తెలుసు. కొట్టేది నువ్వు." టోపీ తీసి, పల్చటి జుట్టుకి గాలి తగలనిచ్చాడు. "ఎడమనుంచి వస్తోంది. కాస్త ఆగు." ఒక తూటా తీసి ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "ఊఁ, ఇప్పుడు."

ఆ వసంతమంతా అంతే. ఒక్కో తూటా ఆయన చేతిలోంచి ఆవిడ చేతిలోకి వెళ్లింది. ఒంటి తూటా తుపాకీ మంచిదని నాకు అప్పుడే తెలిసింది.

గడ్డికోతలకి ముందు ట్విగ్‌ని వదిలారు. ముగ్గురం కంచె పట్టుకుని నిలబడ్డాం. అన్నయ్యకి అది దూరంగా కదిలే గోధుమరంగు మాత్రమే.

"ఎక్కడుంది థోరా?"

"వాగు పక్కన. పరిగెడుతోంది."

"నాలుగు కాళ్లూ?"

"నాలుగూ" అంది మా వదిన, ఆయన చేతిమీద చెయ్యేసి.