దొరగారి కోటు

తొమ్మిదో తరగతిలో నేను బడికి సెలవిచ్చేశాను. మరుసటేడే దాని గోడ ఒరిగిపోయింది, అంతవరకూ దాన్ని నిలబెట్టింది ఎవరో మీకే అర్థమవుతుంది. అంతటి నేనూ మా మేనత్త ముందు పిల్లినే. ఆమె దర్జీ. ఆమె కుట్టిన జేబులో ఒకాయన ఏనుగును వేసుకుని తిరిగాడంటే మీరు నమ్మరు. మానేయండి.

ఆమె ముందుగదిలో ఒక మిషను, ఇస్త్రీ బల్ల, దాని పక్కనే ఒక పంజరం. పంజరంలో దొరగారు: నెత్తిన కుచ్చు, చెంపలకు నారింజ బొట్లు ఉన్న కాకటీల్ చిలుక. ఏడాదైనా నిండలేదు. మామయ్య పోయాక ఆ గదిలో అత్త మాటకు బదులు పలికేది ఆయనొక్కడే.

అలాంటి దొరగారు ఉన్నట్టుండి రొమ్ము మీది ఈకలు పీక్కోసాగారు. చూస్తుండగానే ఎర్రటి చర్మం బయటపడింది.

"చలేస్తోందిరా పాపం," అంటూ అత్త మెత్తటి నూలుగుడ్డతో కోటు కుట్టింది. కాలరు కూడా పెట్టింది.

"జేబు మరిచిపోయావత్తా!"

"నోర్ముయ్యరా వెధవా. వాణ్ణి చూస్తే నా కడుపు తరుక్కుపోతోంది."

దొరగారు కోటు సందుల్లోంచి ముక్కు దూర్చి రెక్కల కింద కూడా పీక్కున్నారు. గుడ్డకు నెత్తురంటింది. తిండి మానేశారు. ఆ పొద్దున అత్త మిషను మూసేసి, పంజరం నా చేతికిచ్చి ఆసుపత్రికి బయల్దేరదీసింది.

పక్షుల డాక్టరమ్మ కోటు విప్పి, ఒళ్లంతా వెతికి, రెట్ట కూడా పరీక్షించింది.

"పురుగులేం లేవు. తిండేమిటి?"

"గింజలమ్మా."

"ఆకుకూరలు?"

"ఊహూఁ."

"స్నానం?"

"కుట్టుగదిలో నీళ్లా! పట్టుబట్ట మీద చుక్క పడితే మరకమ్మా. చెంబునైనా గడప దాటనివ్వను. వీడికీ తాగడానికి గొట్టం సీసానే."

"పొద్దంతా ఇస్త్రీ వేడి, ఒట్టి గింజలు, స్నానం లేదు. ఒళ్లు ఎండి దురద పుడితే మీరైనా గోక్కోరా? పైగా కోటొకటి!"

అత్త తల దించుకుంది. "ఈకలు మళ్లీ వస్తాయా అమ్మా?"

"కుదుళ్లు బతికుంటే వస్తాయి. మాటివ్వలేను."

ఇంటికి రాగానే ఇస్త్రీ బల్ల వంటింట్లోకి పోయింది, పట్టుబట్టలు బీరువాలోకి పోయాయి. కత్తిరింపుల బల్ల మీదికి వెడల్పాటి పళ్లెంలో నీళ్లు వచ్చాయి. దొరగారు దాని అంచునే నిలబడి కుచ్చు లేపి అనుమానంగా చూసేవారు. అత్త తడిచేతులు విదిలిస్తూ బతిమాలేది. చివరికి ఒకరోజు దిగారు. ఇంకేముంది, గదిలో తుఫాను! రెండు వీధుల అవతల జనం గొడుగులు తెరిచారు.

ఆకుకూరలకూ అలవాటు పడ్డారు. ఒకరోజు ఆయన స్నానం మధ్యలో రవికె కోసం బ్యాంకావిడ వచ్చింది.

"ఏమిటండీ ఇది, నా చీరంతా తడిసింది! నా రవికేదీ?"

అత్తకు వినబడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని పళ్లెం మీదికి వంగింది. తడిసిన రొమ్ము మీద అక్కడక్కడా తెల్లటి మొలకలు పొడుచుకొచ్చాయి.

"ఒరేయ్, ఇటు రా," అంది గొంతు తగ్గించి. "మెల్లగా రా. వాడు బెదురుతాడు."