వేలం వేయని పిడికెడు బియ్యం

బోధన్‌లో మా చర్చికి వచ్చే ఆడవాళ్ల వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా ఉంటుంది. పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేస్తాం. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో పోసుకుని ఆరాధనకు తీసుకెళ్తాం. ఆరాధన అయ్యాక అందరి బియ్యం ఒకే గంపలో పోసి, చర్చి ముందు వేలం వేస్తారు. ప్రార్థన చేసిన బియ్యం కదా, బజారు ధర కంటే ఎక్కువకే పాడుకుంటారు. ఆ పైసలు చర్చి పరిచర్యకు పోతాయి. మా అమ్మ అలాగే చేసింది. పెళ్లయి వచ్చాక మా అత్త వంటింట్లో నాకు మొదట చూపించింది కూడా ఆ చిన్న డబ్బానే.

కొన్నేళ్ల కిందట నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లు, మా బోధన్ చుట్టుపక్కల చెరకు కొట్టే ఆడవాళ్లు, నందిపేట్ వైపు పసుపు తవ్వే ఆడవాళ్లు కలిసి ఒక వేదిక పెట్టుకున్నారు. వేదిక అంటే పెద్ద మాట. నెలకోసారి నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఒక అక్క ఇంటి ముందు గదిలో కూర్చునేవాళ్లం, అంతే. చర్చి స్త్రీల సమాజం తరఫున నేను పోయేదాన్ని. మొదటిసారి పోయినప్పుడు అలవాటు కొద్దీ లేచి నిలబడి ప్రార్థన మొదలుపెట్టాను. ఆ అక్క తునికాకు కత్తిరించడం ఆపకుండానే అంది: "మంచిదక్కా, ఆడోళ్ల కూలి ముచ్చట మీ దేవునికి గూడ చెప్పు. మా దేవునికి చెప్పి చెప్పి మేం అలిసినం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ప్రార్థన పూర్తి చేసే కూర్చున్నాను.

ఆ ఏడు పసుపు తవ్వకానికి ముందు నందిపేట్ వైపు ఊరి నుంచి ముఠా పెద్ద మా వేదికకు వచ్చింది. ముప్పై మంది ఆడవాళ్లను కూలికి కూడగట్టుకుని పోయే మనిషి. అదే చేను, అదే ఎండ. అయినా మగవాళ్ల కూలికీ ఆడవాళ్ల కూలికీ మధ్య రెండు రోజుల కూరగాయల ఖర్చంత తేడా ఉండేది. ఈసారి ఒకటే కూలి ఇచ్చేదాకా చేన్లో దిగేది లేదని వాళ్లు తీర్మానం చేసుకున్నారు. కూలి లేని రోజులు ఇల్లు గడిచేదెట్లా అన్నదే ప్రశ్న.

స్త్రీని, పురుషుణ్ణి దేవుడు తన పోలికలోనే చేశాడని నేను సండే స్కూల్లో పిల్లలకు చెబుతాను. ఆ పోలికకు పసుపు చేన్లో రెండు ధరలు ఉంటే, నేను పిల్లలకు చెప్పేది అబద్ధమవుతుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి సంఘాలకు డబ్బు సాయం చేసే సంస్థ ఒకటుంటే, దానికి రాశాం. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. రిజిస్ట్రేషన్ కాగితం, బ్యాంకు పత్రాలు అడిగారు. రెండు నెలల్లో నిర్ణయం చెబుతామన్నారు. అప్పటికి పసుపు మార్కెట్ యార్డుకు చేరిపోతుంది.

అందుకే మా స్త్రీల సమాజాన్ని అడిగాను. ఆ ఆదివారం వేలం పైసలు మొత్తం పసుపు ఆడవాళ్లకే అన్నారు. నేను ముఠా పెద్ద ఇచ్చిన ఫోన్ నంబర్లకు సమానంగా పంచి పంపి, దేవునికి స్తోత్రం చెప్పుకుని పడుకున్నాను. మూడో రోజు ఆమె ఫోన్ చేసింది.

"చర్చి అక్కా, నువ్వు పంపిన పైసలు మంచిగ ముట్టినయి."

"సంతోషం."

"మా మగోళ్లకు ముట్టినయి. ఫోన్లు వాళ్లయేనాయె. ఒకడు యూరియా తెచ్చిండు, ఒకడు చిట్టి కట్టిండు. ఇంకొకడు మీ దేవుని పేరు మీద కల్లు తాగిండు."

"మరి ఆడోళ్లు?" అని అడిగాను.

"ఆరుగురు పొద్దుగాల చేన్ల దిగిండ్రు. పొయ్యిల పిల్లి లేస్తలేదు, వాళ్లనేమంటం? నాకు పైసలద్దు. గా బియ్యమే పంపు. పైసలు మగోని జేబుల వడ్తయి, బియ్యం కుండల వడ్తయి. ఏ మగోడు కుండ మూత తియ్యడు."

తప్పు నాదే. గంప నిండగానే వేలం వేయడం తప్ప ఇంకో దారి ఉంటుందని నాకు తట్టనే లేదు.

మరుసటి ఆదివారం ఆరాధనలో, ఈ వారం వేలం వద్దు, బియ్యమే పసుపు ఆడవాళ్లకు పంపుదామని చెప్పాను. చర్చి సంఘ పెద్ద లేచాడు. వరసకు తమ్ముడవుతాడు, చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు.

"అక్కా, పిడికెడు బియ్యం దేవునిది. వేలం ఎయ్యకుంటె పరిచర్య ఎట్ల నడుస్తది? వాళ్లు మన సంఘమోళ్లు గూడ కాదాయె."

"ఫ్యాక్టరీ మూతబడ్డ ఏడు గీ గంపల బియ్యం మీ ఇంటికొచ్చినయి తమ్మీ. అప్పుడు వేలం ఎయ్యలే."

ఆ మాట నలుగురిలో అనకుండా ఉండాల్సింది. అతని మొహం చూసి నాకే తల వంగిపోయింది. ఆరాధన అయ్యాక అతని దగ్గరికి పోయి క్షమించమని అడిగాను. అతను పోయి ఆటో తెచ్చి చర్చి మెట్ల దగ్గర పెట్టి, గంపలోని బియ్యం మూట కట్టి అందులో వేశాడు.

నందిపేట్ వైపు పోతూ నిజామాబాద్‌లో బీడీల అక్క గల్లీలో ఆగాం. నేను ముందే ఫోన్‌లో చెప్పి ఉన్నాను. "గిది కొత్త ముచ్చటేం గాదక్కా. మా అవ్వ జాతరకు గిట్లనే తీసేది," అంటూ ఆమె చాటలో బియ్యం తెచ్చి పోసింది. పక్కింటి ముస్లిం ఆడవాళ్లు గిన్నెలతో వచ్చారు. సన్నబియ్యం, రేషన్ బియ్యం, దొడ్డుబియ్యం అన్నీ ఒకే మూటలో కలిశాయి. చేన్లోకి తిరిగి దిగిన ఆరుగురికి కూడా ముఠా పెద్ద అందరితో సమానంగా పంచింది. వాళ్లు ఆ మర్నాటి నుంచి దిగలేదు.

శుక్రవారం మళ్లీ ఫోన్ వచ్చింది. "మీ అన్నంల ఒక మెతుకు ఉడికితె ఒక మెతుకు ఉడకదు. మా ఆయన రెండొద్దుల సంది మూతి ముడుసుకున్నడు," అంది ముఠా పెద్ద. తర్వాత గొంతు తగ్గించింది. "చేనుగల్ల పటేలు గా తేడాల సగం పెంచుతనంటుండు. ఒప్పుకుందామని కొందరంటుండ్రు. నిజం చెప్పక్కా, ఇంకెన్నొద్దులకున్నయి బియ్యం?"

పది రోజులకున్నాయి అందామని నోటి దాకా వచ్చింది.

"రెండు దినాలకున్నయి. ఆదివారం మళ్ల వస్తయి."

"వస్తయా?"

"వస్తయి. నాకు బుద్ధి తెలిసినకాడికెళ్లి ఒక్క ఆదివారం గూడ గంప ఖాళీగ లేదు."

"అయితె ఆగుతం," అంది.

ఆదివారం మధ్యాహ్నం మూటలతో మేం వాళ్ల ఊరు చేరేసరికి పటేలు చేను గట్టు మీదే ఉన్నాడు. పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఆ వారంలోనే అతని వంతుకు వస్తుంది. ఆలోగా తవ్వకపోతే వంతు తప్పుతుంది, మళ్లీ ఎప్పుడో తెలియదు. మా ఆటో దిక్కు, మూటల దిక్కు చూశాడు.

"మగోని లెక్క పైసలు కావాల్నంటున్నరు. మగోని లెక్క మూటలు మోస్తరా?"

"మోస్తం పటేలా," అంది ముఠా పెద్ద. "నువ్వు మా లెక్క కోడి కూయక ముందు లేసి, వాకిలూడ్చి, ఇంత వండి పెట్టి చేనుకు రా. నీకు మాకంటె పది రూపాలు ఎక్కువే ఇస్తం."

గట్టు మీద మగవాళ్లు నవ్వారు. పటేలుకూ నవ్వు ఆగలేదు. తవ్వకానికి, పసుపు కొమ్ములు విరవడానికి ఆడా మగా ఒకటే కూలి అని అక్కడే ఒప్పుకున్నాడు. ఉడకబెట్టే పనికి మాత్రం ఒప్పుకోలేదు. అది మరుసటి ఏడు తేల్చుకోవాలనుకున్నాం.

నేను ఆ రాత్రి అక్కడే ఉండి, సోమవారం వాళ్లతో చేన్లోకి పోయాను. పొద్దుగూకే వేళ పటేలు అలవాటు ప్రకారం కూలి పైసలు ముందు మగవాళ్లకిచ్చి, తర్వాత ఆడవాళ్లకిచ్చాడు. ముఠా పెద్ద భర్త తన చేతిలోవి, ఆమె చేతిలోవి మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరియి ఒక్కతీరే ఉన్నయి," అన్నాడు.

"నీకేమన్న తక్కువైందా?"

"తక్కువెందుకైతది."

"మరి నడువు," అంది ఆమె. అతను తన పారతో పాటు ఆమె పార కూడా భుజాన వేసుకుని వెనకాలే నడిచాడు.