తెరలకు వీపు తిప్పే మామ

మలేషియాలోని తెలుక్ ఇంటాన్‌లో వీడియో గేమ్‌ల కొట్టు నడిపే మామ ఒకాయన ఉండేవాడు. ఒకే దెయ్యాల గేమ్‌ను పాత మెషీన్‌లోనూ కొత్త మెషీన్‌లోనూ పెట్టి, రెండు టీవీలూ పక్కపక్కనే నడిపేవాడు. ఏది కొనాలని అడిగితే కంట్రోలర్ మన చేతికిచ్చి, తాను తెరలకు వీపు తిప్పి, మన మొహంలోకి చూస్తూ నిలబడేవాడు.

ఆ చూపంటే నాకు అనుమానం. నేను ఆడాను. కొత్తదాంట్లో గోడ మీది నెత్తుటి చుక్క కూడా స్పష్టంగా కనిపించింది. పాతదాంట్లో అంతా పొగమంచు, చివర మూసిన తలుపు, దాని వెనక ఎవరో గీరుతున్న చప్పుడు.

"పాతదే తీసుకో లా. కొత్తదానికి నీ మొగం మారనేదు. దీనికి ఊపిరి ఆపేసినావు," అన్నాడు, అక్కడివాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

పాత సరుకు వదిలించుకుంటున్నాడనుకున్నాను. "అయితే మామా, ఆ తలుపు మీరే తీసి చూపించండి," అని కంట్రోలర్ చాపాను.

ఆయన చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"నానా? ఒక్కపాలి కూడా సూడనేదు లా. నాకు బయం."

పాతదే తెచ్చుకున్నాను. ఆ తలుపు నేనూ ఇంతవరకు తీయలేదు.