పసుపు రంగు వీధిలో జీడిపప్పు

మా తోటికోడలు అయిదో తరగతి చదివింది. నేను టెక్కలిలో డిగ్రీ చదివాను. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తే మిగతాదంతా ఎందుకు రాస్తున్నానో మీకే తెలుస్తుంది.

కాశీబుగ్గలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. గోడకి ఇటు నా ఇంగ్లీషు ట్యూషన్లు. గోడకి అటు ఆమె జీడిపిక్కల పని. ఆమె పుట్టిల్లు ఉద్దానం. అక్కడి తోటల పిక్కలు బస్తాలకొద్దీ దిగేవి. పెరట్లో రేకుల పాక కింద పిక్కలు కాల్చేవారు. కొట్టి, లోపలి పప్పు ఎండబెట్టేదీ అక్కడే. పైపొట్టు వలవడం మాత్రం ముందు వరండాలో. పిల్లల్ని బడికి పంపి ఓ పదిమంది ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. అన్నం వండే వేళకి లేచి వెళ్లి, మళ్లీ వచ్చేవారు. ఆమెని షావుకారమ్మ అనేవారు. నన్ను ట్యూషనమ్మ అనేవారు. షావుకారమ్మ అన్నప్పుడు గొంతులో ఉండే వెచ్చదనం ట్యూషనమ్మ అన్నప్పుడు ఉండేది కాదు. నేను లెక్క తప్పకుండా వినేదాన్ని.

పొగ వచ్చేది. అది నిజం. దండెం మీది బట్టలకి జీడి వాసన పట్టేది, దగ్గు వచ్చేది. కానీ వరండాలోంచి వచ్చే నవ్వులు పొగకంటే ఎక్కువ గుచ్చుకునేవి. ఏ పుస్తకమూ ముట్టని మనిషి చుట్టూ అంతమంది ఎలా చేరతారు? నా చుట్టూ ఎందుకు చేరరు?

ఇంతలో మా ఊరు మున్సిపాలిటీ అయింది. ఆఫీసు గోడకి రంగుల పటం తగిలించారు. మా వీధికి పసుపు రంగు వేశారు. అంటే ఇళ్లు మాత్రమే. ఫ్యాక్టరీలకి హైవే అవతల ఊదారంగు. అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు. రాయడమంటే నాకు పండగే. రెండు పేజీల ఇంగ్లీషు దంచాను. మా వీధిలో ఏ వ్యాపారమూ, ఏ రూపంలోనూ ఉండరాదని ముగించాను. మావారు చదివి, పొగ రాకూడదని రాస్తే చాలదా, ఆ 'ఏ రూపంలోనూ' ఎందుకని అడిగారు. మీకు అర్జీ భాష తెలీదని కసిరాను. నిజానికి ఆ మాట పొగ కోసం రాసింది కాదు, వరండా కోసం రాసింది.

నా పాచిక పారింది. మా తోటికోడలికి నోటీసు వచ్చింది. కాల్చే పనీ, కొట్టే పనీ హైవే అవతల ఒకరి షెడ్డులోకి మార్చుకుంది. కానీ పొట్టు వలవడం కూడా ఆపాలన్నారు. ఇంట్లో వంటా పిల్లలూ చూసుకోవాల్సినవాళ్లు అంతదూరం వెళ్లలేరు కదా. వరండా ఖాళీ అయింది. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందో! నాకు సంతోషం కలగాలి. రెండు రోజులు కలిగింది కూడా.

తర్వాతి ఏడాది ఇంగ్లీషు మీడియం బడులు వచ్చి నా ట్యూషన్లు పలచబడ్డాయి. జీడిపప్పు పావుకిలో పొట్లాలు కట్టి, ముచ్చటైన లేబులేసి, బస్టాండు కొట్లకి వేద్దామనుకున్నాను. లైసెన్సుకి వెళ్తే గుమాస్తా ఫైలు తిరగేశాడు.

"మీ ఈదిలో ఏ యాపారమూ కుదర్దమ్మా. ఎవులో బాగా సదూకున్నోలు రాసినారు, సూడండి" అని కాగితం నా ముందుకి తోశాడు. నా సంతకం కనబడకుండా దానిమీద చేయి పెట్టాను. అసలు ట్యూషన్లు కూడా కుదరవేమో అని అతను నవ్వాడు.

ఊళ్లో చిన్న వ్యాపారులందరూ మొత్తుకుంటే నిబంధనలు మారుస్తామన్నారు. మీటింగు పెట్టారు. దానికి ముందురోజు మధ్యాహ్నం మా తోటికోడలు తెల్లకాగితం పట్టుకుని వచ్చింది.

"అప్పా, ఒక అర్జీ రాసీయవా?" మావైపు అక్కని అప్ప అంటారు.

పాత కాగితం ఎవరు రాశారో తెలుసా అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"తెల్దేటి? మనీదిలో ఇంగిలీసు ఇంకెవులికొచ్చు?"

"తెలిసీ నా దగ్గరికే వచ్చావా?"

"ముయ్యడానికి అంత బాగా రాసినోలివి, తెరవడానికి రాయనేవేటి?"

కోపంతో అంటే తిరిగి నాలుగు అని ఉండేదాన్ని. ఆమె కోప్పడలేదు, పప్పు బాగుందో లేదో చూసినట్టు నా ముఖం చూసింది. ఏం రాయమంటావని అడిగాను. రంగుల పటం సంగతి తెలిసే వచ్చింది.

"రంగు ఈదికెయ్యొద్దని రాయి. పనికెయ్యమను. పొగొచ్చే పని ఊరవతల, పొగ రాని పని ఇంటికాడ. అంతే."

నేను ఒకటిన్నర పేజీ రాశాను. ఉపాధి, అభివృద్ధి, స్త్రీ స్వావలంబన, అన్నీ పెట్టాను. చివర్లో ఆమె మాటని అలాగే ఉంచక తప్పలేదు. దానికి సాటివచ్చేది నా దగ్గర లేదు మరి.

మీటింగులో ప్లానింగ్ ఆఫీసరు నా ఒకటిన్నర పేజీ చూపులతోనే దాటేసి ఆ ఒక్క వాక్యం పైకి చదివాడు. రంగు వీధికి కాదు, పనికి వేయాలట. బాగుంది, ఎవరు రాశారని అడిగాడు.

"మా అప్పండి" అంది మా తోటికోడలు. "డిగ్రీ సదివింది."

అందరూ నావైపు చూశారు. రాసింది నేనే కదా, అబద్ధమేం కాదు. లేచి నమస్కారం పెట్టాను.

నిబంధన మారింది. పొగ, చప్పుడు లేని పనులు పసుపు వీధుల్లో చేసుకోవచ్చన్నారు. ఒకే వారం ఇద్దరికీ లైసెన్సులు వచ్చాయి. ఆమె వరండా నిండింది. ఆ పప్పే నేను పొట్లాలు కడతాను, ఇచ్ఛాపురం దాకా వెళ్తున్నాయి. ఆ మాట ఎంత బాగా రాశారమ్మా అని ఎవరైనా అంటే ఇప్పటికీ తల ఊపి ఊరుకుంటాను.

ఆమె వ్యాపారం చూసి కుళ్లుకున్నాను, ఆమె నవ్వులు విని కుళ్లుకున్నాను. అవన్నీ ఎలాగో అరిగాయి. వలిచేవాళ్ల పిల్లల చేతిలో గుప్పెడు పప్పు బద్దలు పోసినంత తేలిగ్గా ఆ వాక్యాన్ని నాకు ఇచ్చేసిందే, అది మాత్రం అరగలేదు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.