సీసం పరీక్ష, మెర్ల్ టోపీ

"నా భయం తుపాకుల గురించి కాదు, అవి ఇనప్పెట్టెలో ఉంటాయి. నా భయమంతా సీసం గురించి. తూటా పేలినప్పుడల్లా పొడి రాలుతుంది, చేతులకి అంటుకుంటుంది. ఆ చేతుల్తోనే మీ నాన్న పిల్లాడికి అరటిపండు తినిపిస్తారు!"

టెస్సా ఈ మాట మొగుడితో వారం రోజులుగా అంటూనే ఉంది. ఆమె నీళ్ళ పరీక్షల ల్యాబులో కెమిస్టు. సోమవారం మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. ఏడాది నిండని కొడుకు ఒట్టోని చూసుకోవడానికి పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊళ్ళో దొరికిన ఒకే ఒక్క మనిషి మామగారు మెర్ల్.

మెర్ల్ స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. తను పుట్టకముందు తయారైన పొడుగు గొట్టం రివాల్వర్లంటే ఆయనకి ప్రాణం. అవి పాయింట్ టూ టూ అనే చిన్న సైజు తూటాలవి. ట్రిగ్గర్ నొక్కితే వెనకున్న సుత్తి తూటా అంచుమీద పడి పేలుతుంది. ఒక చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, రెండో చేత్తో కాలుస్తాడు. కాగితాన్ని తప్ప ఏనాడూ దేన్నీ గాయపరచలేదు. తూటా లేకుండా ఎవరైనా ట్రిగ్గర్ నొక్కితే మాత్రం ఊరుకోడు. లోపల తూటా లేకపోతే సుత్తి తూటాలు పెట్టే చక్రం అంచునే కొరికేస్తుంది మరి.

"నేను వీడి కారుని గుద్దితే నవ్వేశాడు, రివాల్వర్ ఒక్కసారి ఖాళీగా నొక్కినందుకు ఆర్నెల్లు మాట్లాడలేదు," అంటాడు తుపాకులు కాల్చే క్లబ్బులో స్నేహితుడు లాయిడ్.

శనివారం పొద్దున టెస్సా ఒట్టోని చంకనేసుకుని, సీసం తగిలితే ఎర్రబడే పరీక్ష పుల్లలతో మెర్ల్ ఇంట్లో దిగింది. లాయిడ్ వంటింట్లో కాఫీ తాగుతున్నాడు.

"సోదా చేసుకో, అమ్మాయ్," అన్నాడు మెర్ల్.

తలుపు పిడి, సింకు, కుర్చీ చేతులు అన్నీ రుద్దింది. ఏదీ ఎర్రబడలేదు. ఇనప్పెట్టెలో రివాల్వర్లు మెత్తటి పూలగుడ్డల్లో పడుకుని ఉన్నాయి.

"మా ఆవిడ డోరిస్ నైటీలు," అన్నాడు మెర్ల్. " పాపం, బతికున్నన్నాళ్ళూ వాషింగ్ మెషీను మింగేస్తోందనుకుంది."

"ఇల్లింత శుభ్రంగా ఎలా ఉంది, మెర్ల్?"

"క్లబ్బు నుంచి రాగానే గరాజులోనే బట్టలన్నీ విప్పేసి, చల్లనీళ్ళతో కడుక్కుని లోపలికొస్తా. పక్కింటి బెర్నీస్ మొదట్లో పోలీసుల్ని పిలిచింది. ఇప్పుడు చెయ్యూపుతుంది."

టెస్సా నవ్వబోయి ఆగింది. ఒట్టో కూచునే ఎత్తుకుర్చీ పక్కన, కొక్కేనికి మెర్ల్ టోపీ వేలాడుతోంది. దాని అంచు మీద పుల్ల రుద్దింది. బీట్‌రూట్‌లా ఎర్రబడింది.

"దొరికిపోయావురా," అన్నాడు లాయిడ్.

మెర్ల్ గబగబా టోపీని కొక్కెం నుంచి తీశాడు. "ఇదొక్కటే గుర్తురాలేదు. ఉతికితే పోదా?"

"పోయిందని నేను నమ్మలేను."

ఆ అంచు చిరిగినప్పుడల్లా కుట్టింది డోరిస్. మెర్ల్ మనవడి వంక చూశాడు. టోపీని సంచిలో వేసి ముడేసి లాయిడ్ చేతిలో పెట్టాడు. "క్లబ్బులో తగిలించు. ఇక ఇంటికి రాదు."

"ఇక ఇంటికొచ్చినప్పుడల్లా నీ నెత్తి చూడాలన్నమాట," అన్నాడు లాయిడ్. "ఉండు, ఈ ముడి విప్పి మళ్ళీ నీ నెత్తినే పెట్టేస్తా."

టెస్సా కొక్కేన్నీ గోడనీ తుడిచి, చేతులు కడుక్కుంది. అయినా మనసు కుదుటపడలేదు. "ఇంట్లో దుమ్ము ల్యాబుకి పంపిద్దాం. ఆ తర్వాత బొమ్మలు..."

"ఆ తర్వాత?"

"ఏమో. భయం పోవాలిగా!"

మెర్ల్ బోడి తల నిమురుకున్నాడు. "పంపించు. నేనొద్దన్నానా? కానీ ఒకటి విను. నేను గురిపెట్టినప్పుడు ఈ చెయ్యి ఒక్కరోజు కూడా కదలకుండా నిలబడలేదు. కొత్తలో వణుకు ఆగేదాకా ఆగుదామనుకునేవాణ్ణి. చెయ్యి అలిసిపోయేది, కంగారులో లాగేసేవాణ్ణి, తూటా గోడలోకి. వణకనీ, అమ్మాయ్. గురి కాగితం మీది నల్లచుక్క దాటకుండా చూసుకుంటూ మెల్లగా నొక్కు. మరీ దాటిందా, చెయ్యి దించి మళ్ళీ మొదలెట్టు. ఎవడేమంటాడు?"

సోమవారం టెస్సా పనికి వెళ్ళింది. దుమ్ము పరీక్షలో ఏమీ రాలేదు, భయం మాత్రం పోలేదు. కానీ ఇప్పుడామె అది పోయేదాకా గుమ్మంలో నిలబడటం లేదు. వణికే చేతుల్తోనే ఒట్టోని అందిస్తుంది, వణికే చేతుల్తోనే కారు స్టార్ట్ చేస్తుంది.