తగ్గిన బరువు తిరిగొస్తే నన్ను దొంగను చేశారు

ఆ రోజు అయిదో తరగతి ఆడపిల్లలకు లెక్కలు చెబుతున్నాను. చేతిలోని సుద్దముక్క జారిపడింది. తీసుకుందామని వంగితే కుడి మోకాలు పట్టేసింది. మళ్లీ లేవలేకపోయాను. ఇద్దరు పిల్లలు వచ్చి రెక్కలు పట్టుకుని లేపారు. మిగతావాళ్లు నవ్వు కనపడకుండా పలకలు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు.

అప్పటికి నెల రోజులుగా దాహం తీరడం లేదు. దొడ్లో నేను ఒంటికి పోయిన చోట చీమలు పడుతున్నాయని మా అత్త రెండుసార్లు చెప్పింది. నాకు ముప్పై ఆరేళ్లు. గిద్దలూరు బాలికల బడిలో టీచరును. మా ఆయన రైలు స్టేషన్‌లో పార్సిల్ గుమస్తా. జర్మనీతో యుద్ధం మొదలైన కొత్తల్లో సంగతి ఇది.

మా ఊళ్లో మద్రాసులో చదివి వచ్చిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు రాయను. రాయదగినంత మంచి నాకేమీ చేయలేదు. సీసాలోని నీలం మందు గాజుగొట్టంలో పోసి, నా మూత్రం నాలుగు చుక్కలు కలిపి స్పిరిట్ దీపం మీద కాచాడు. నీలం పోయి ఇటుక రంగు తిరిగింది. యూరిన్‌లో షుగర్ ఉందనీ, బి.పి. కూడా ఎక్కువేననీ చెప్పాడు. ఇంజక్షన్లు లేకుండా బాగుపడాలంటే ఒళ్లు తగ్గాలన్నాడు.

"విల్ పవర్ ఉంటే తగ్గుతావు. లేకుంటే నా దగ్గరికి రావద్దు," అన్నాడు.

బరువు చూడటానికి మా ఊళ్లో మనిషి తూకం లేదు. మా ఆయన ఆదివారం పూట నన్ను స్టేషన్‌కు తీసుకుపోయి, వేరుశనగ బస్తాలు తూచే మిషన్ మీద నిలబెట్టాడు. నూట తొంభై రెండు పౌన్లు. హమాలీలు పని ఆపి చూశారు. వాళ్లలో ఒకడు ఏదో అన్నాడు, మిగతావాళ్లు నవ్వారు. మా ఆయన విననట్టు రసీదు పుస్తకం తిప్పుకుంటూ కూర్చున్నాడు. అది నేను మరిచిపోలేదు.

డైట్ మొదలైంది. పొద్దున గ్లాసు మజ్జిగ. మధ్యాహ్నం ఒక జొన్నరొట్టె, ఆకుకూర. సాయంత్రం పలచని రాగి అంబలి. అన్నం లేదు, నూనె లేదు, బెల్లం లేదు. ఎనిమిది నెలలు అలా తిన్నాను. ఇంట్లో అందరికీ వండి, వడ్డించి, పక్కన కూర్చుని నా రొట్టె తిన్నాను. నూట నలభై ఆరు పౌన్లకు దిగాను. నీలం మందు నీలంగానే నిలిచింది. డాక్టరు తన గదిలో ఉన్న రోగులందరికీ నన్ను చూపించి, విల్ పవర్ అంటే ఇదీ అన్నాడు. ఇక మామూలుగా తినవచ్చు, పో అన్నాడు. అంతే. తర్వాత ఏం జరుగుతుందో ఒక్క ముక్క చెప్పలేదు.

మామూలుగా తినడానికి నాకే భయమేసింది. రొట్టెకు తోడు పిడికెడు అన్నం పెట్టుకున్నాను, అంబలి కాస్త చిక్కగా చేసుకున్నాను. పాత తిండిలో సగం కూడా కాదు. అయినా బరువు పెరగడం మొదలుపెట్టింది.

ఆకలి సంగతి చెప్పాలి. ఎప్పుడూ లావుగా లేనివాళ్లకు ఇది తెలియదు, తెలిసినట్టు మాత్రం మాట్లాడతారు. డైట్‌కు ముందు నాకు ఆకలంటే భోజనం వేళకు వేసేది, తింటే పోయేది. తగ్గిన తర్వాత వచ్చింది ఆ ఆకలి కాదు. తిన్నాక కూడా కూర్చునే ఉండేది. పాఠం చెబుతుంటే పక్క ఇంట్లో పోపు వేసిన వాసనకు మాట తప్పేదాన్ని. ఎండాకాలంలో కూడా చేతులు చల్లగా ఉండేవి. జుట్టు దువ్వెనకు చుట్టలు చుట్టలుగా వచ్చేది. నెలసరి ఆగిపోయింది. ఇవన్నీ డాక్టరుకు చెప్పాను. ఆయన రాసుకోలేదు.

ఆరు నెలల్లో నూట డెబ్బైకి వచ్చాను. నేను తిన్నది చెప్తే డాక్టరు నవ్వాడు. రొట్టె తింటే ఒళ్లు రాదమ్మా, నువ్వు చెప్పనిది తింటే వస్తుంది అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయనతో, ఇంట్లో ఒక కన్నేసి ఉంచు అని చెప్పాడు. నాతో కాదు, ఆయనతో చెప్పాడు.

మరుసటి రోజు మా అత్త సామాన్ల గదికి తాళం వేసింది. తాళంచెవి కొంగుకు కట్టుకుంది. పూటకు కావలసిన బియ్యం, పప్పు ఆమే కొలిచి ఇచ్చేది. వండాక గిన్నె మూత తీసి చూసేది. బడి నుంచి రాగానే నా సంచి తడిమేది. ఒకసారి ఒక పిల్ల తల్లి ఇచ్చిన రెండు సీతాఫలాలు అందులో దొరికాయి. ఇంట్లో వాళ్ల కోసమే తెచ్చానని చెప్పాను.

"డాక్టరు చెప్పింది నిజమే అయినాది. చూడు నాయనా, నీ పెండ్లాము సంగతి," అని ఆమె కొడుకును పిలిచింది.

ఆయన పండ్లు చూశాడు, నన్ను చూశాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. పదహారేళ్లు కాపురం చేసిన మనిషి. ఆయన తిట్టి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు.

రెండో డైట్‌లో రొట్టె కూడా సగం చేశారు. దానికి తోడు డాక్టరు థైరాయిడ్ మాత్రలు ఇచ్చాడు. ఇవి ఒంట్లో కొవ్వును కాలుస్తాయన్నాడు. కాలిందేమో తెలియదు కానీ గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, నల్లబల్ల మీద అక్షరం నిలువుగా రాయలేకపోయాను. మూడో వారం తరగతిలో స్పృహ తప్పి పడ్డాను. బెంచీ అంచు తగిలి నుదురు చీలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మాత్రలు ఆపేయమని కబురు చేసిన డాక్టరు, ఇదంతా నా నరాల బలహీనత అని కూడా చెప్పి పంపాడు. మాత్రలు ఆపాను. నాలుగు నెలలు తిరగకముందే నూట ఎనభై అయిదు.

అప్పుడు నేనొక నిర్ణయం తీసుకున్నాను. నంద్యాలలో ఒక లేడీ డాక్టరు నాలుగు మంచాల నర్సింగ్ హోమ్ పెట్టిందని విన్నాను. బడికి సెలవు పెట్టి, ఒక్కదాన్నే రైలెక్కి పోయాను. ఆమె నా కథంతా విని, మందు ఏం కావాలని అడిగింది. మందు వద్దు, నన్ను గదిలో పెట్టి తాళం వేయండి అన్నాను. నేను చెప్పిన తిండే కొలిచి పెట్టండి, నీళ్లు కూడా మీ నర్సు చేతితోనే ఇవ్వండి, రెండు వారాల తర్వాత తూచండి అన్నాను. ఆమె ఇట్లా ఎవరూ అడగలేదని చెప్పి ఒప్పుకుంది.

పద్నాలుగు రోజులు ఉన్నాను. తాళం వేయలేదు కానీ నర్సు గుమ్మం దగ్గర నుంచి కదిలేది కాదు. పక్క మంచం మీద పెద్దారవీడు నుంచి వచ్చిన గొర్రెల కాపరుల ఆడమనిషి ఉండేది. కడుపులో పుండుకు ఆమెకూ పథ్యమే. ఇద్దరి పళ్లేలూ పక్కపక్కనే వచ్చేవి, ఆమెది కాస్త నిండుగా ఉండేది. రెండు వారాల్లో ఆమె అయిదు పౌన్లు తగ్గింది. నేను ఒక్క పౌను తగ్గాను.

లేడీ డాక్టరు తూకం రెండుసార్లు చూసింది. తర్వాత స్టూలు లాక్కుని నా మంచం పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పినదంతా నిజమేనమ్మా. మొదటి రోజు నేను నమ్మలేదు," అంది. "మనం డైట్ అనుకున్నాము. నీ ఒళ్లు కరువు అనుకున్నాది. తిండి తగ్గితే అది ఖర్చు తగ్గించుకున్నాది. ఇప్పుడు కొంచెం పెట్టినా దాచిపెట్టుకుంటాంది."

దాన్ని బేసల్ మెటబాలిజం అంటారని, దానికి తన దగ్గర మందు లేదని ఒప్పుకుంది. పక్క మంచం ఆమె ఇదంతా వింటూ పడుకుంది. వానలు లేని ఏట చిక్కిపోయిన గొర్రెలు నాలుగు చినుకులు పడి గడ్డి మొలిస్తే ఎంత తొందరగా కొవ్వు పడతాయో తమకు తెలుసునని చెప్పింది. ఆ మాట మా ఊరి చదువుకున్న డాక్టరుకు తెలియకపోవడమే తనకు వింతగా ఉందనీ అంది. నాకూ అదే వింత.

లేడీ డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని ఇంటికి వచ్చాను. మా అత్త ముందు నిలబడి, మా ఆయన చేత పైకి చదివించాను. చదవడం అయ్యాక ఆయన తల దించుకుని, తప్పైపోయింది అన్నాడు. మా అత్త కొంగు ముడి విప్పి తాళంచెవి గూట్లో పెట్టింది. నేను ఆమెకు ఫరవాలేదని చెప్పలేదు. ఫరవా ఉంది కాబట్టి చెప్పలేదు.

అదే చీటీ మా ఊరి డాక్టరుకూ చూపించాను. ఆయన మడత కూడా విప్పలేదు. "ఆడడాక్టర్లు ఇట్లనే జాలిపడి రాస్తారు," అన్నాడు. చీటీ తీసుకుని వచ్చేశాను. మళ్లీ ఆయన గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు యుద్ధం అయిపోయింది. నేను ఒక ఏడాదిలో మెల్లగా నూట డెబ్బై అయిదు పౌన్లకు దిగాను, మూడేళ్లుగా అక్కడే ఉన్నాను. రెండు పూటలా జొన్నరొట్టె, పప్పు, కూర తింటాను. పండుగనాడు అందరితో పాటు బొబ్బట్టు తింటాను, ఒకటే. బడికి రానూ పోనూ నడుస్తాను. నెలకొకసారి నంద్యాల పోతే నీలం మందు ఒక్కోసారి ఆకుపచ్చగా తిరుగుతుంది, ఇటుక రంగు మాత్రం రాలేదు. మోకాలు నొప్పి ఉంది. ఆకలి కూడా ఉంది, మునుపటంత లేదు. నేను గెలిచానని ఎవరైనా అంటే నాకు చిరాకు. రోజూ పోట్లాడుతూనే ఉన్నాను, మీరు చూడటం లేదంతే.

ఒళ్లు తగ్గాలని ఏ డాక్టరు చెప్పినా, మొదటి ముద్ద మానేయకముందే ఒక ప్రశ్న అడగండి. తగ్గిన తర్వాత, చచ్చేదాకా, నేను రోజూ ఏం తినాలి? తినగలిగిన తిండి పేరు చెప్పి, తగ్గిన తర్వాత కూడా రమ్మని పిలిచే డాక్టరైతే ఆయన మాట వినండి. విల్ పవర్ అని ఊరుకుంటే అక్కడే లేచి ఇంటికి రండి.